విధేయతా విలాపం

గెత్సేమనే వనంలో, ఒలీవల నీడల నడుమ, నిశీథి నిశ్శబ్దంలో, నేలకు నుదురానించి, నెత్తుటి బిందువుల వంటి చెమటతో తడిసిన ఆ దైవకుమారుడు చేదు పాత్ర తొలగిపోవాలని మొరపెట్టి, ముమ్మారూ తండ్రి చిత్తానికే తలవంచిన వేళ, శిష్యులు సైతం సొమ్మసిల్లి నిద్రిస్తుంటే ఆయన సరసన మేల్కొని ఉన్న సహచరివి నీవు, ఓ విధేయతా! ఆయన సిలువదాకా నడిచిన దారిలో పాదధూళివై పొరలినదానివి, శిరోమణివై వెలిగినదానివి నీవు!

ఎక్కడున్నావు తల్లీ, విధేయతా, ఏ ఏకాంతంలో ఏడుస్తున్నావు?

మా తెలుగు నేల నిన్నెరగనిది కాదు. 1854 జనవరి 1 వేకువన, ఒంగోలు కొండమీద మిషనరీ జువెట్ దంపతులు గుప్పెడుమందితో మోకరించినప్పుడు మంచులో వారి పక్కన నీవున్నావు. ఆ తరవాతి ఏళ్లలో ఆ కొండ చుట్టుపట్ల మాదిగపల్లెల్లో నీవు కాపురమే పెట్టావు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం ముట్టరాదు, విగ్రహాలకు మొక్కరాదు. మూడంటే మూడు ఆజ్ఞలు! అక్షరం రాని ఆ అమాయకులు వాటిని ఆభరణాలుగా ధరించారు. జాతరకు డప్పు కొట్టబోమన్నందుకు కరణాలు కన్నెర్ర చేశారు, కూలి కరవైంది, కొరడా దెబ్బ తగిలింది. దేవునికి విధేయులైనందుకే దొరలకు ద్రోహులన్న దూషణ మోశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నీట 2,222 మంది బాప్తిస్మంలో మునిగి లేచినప్పుడు, ఆ ప్రవాహగర్భంలో పాతిపెట్టబడినది స్వచిత్తమే కదా, పైకి లేచినదానివి నీవే కదా!

ఎక్కడున్నావు తల్లీ, విధేయతా, ఏ ఏకాంతంలో ఏడుస్తున్నావు?

ఇప్పుడో! డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధన ముగియగానే స్టీలు పళ్లెంలో వాగ్దానపు కార్డులు వరుస తీరుతాయి: అంచున బంగారు గీత, మూలన గులాబీ, మధ్యన రెండు పంక్తుల వాక్యం. కళ్లు మూసుకొని, వణికే వేళ్లతో ఏరుకుంటాం. ఆశీర్వాదం, ఆరోగ్యం, ఆయుష్షు, అభివృద్ధి! ఆ పళ్లెంలో ఆజ్ఞ మాత్రం ఒక్కటీ ఉండదు. పగవాణ్ణి ప్రేమించమన్న కార్డు, ఉన్నదమ్మి బీదలకు పంచమన్న కార్డు ఎవరి చేతికీ రాగా చూడలేదు. వచ్చి ఉంటే, ఇది వద్దు, ఇంకొకటివ్వండి పాస్టరుగారూ అనేవాళ్లమేమో! వీసా, సీటు, సంబంధం, స్థలం, సమస్తమూ ముందే సంకల్పించుకొని సంతకం కోసం సర్వేశ్వరుని సన్నిధికి వెళ్తాం. చివర, నీ చిత్తమైతే ప్రభువా అని చిన్న తోక తగిలిస్తాం.

ఇంకో దుఃఖం కూడా చెప్పుకోనీ. నీ పేరు పెట్టుకొని వేరొకతె వేదికలమీద ఊరేగుతోంది. సేవకుని మాటకు ఎదురాడరాదంటుంది, కానుకల లెక్క అడగరాదంటుంది. ఆమె నీవు కావు. నీ చీర కట్టుకున్న దాస్యం. నిన్ను చూడని పసివాళ్లు ఆమెనే నీవనుకొని అసహ్యించుకొని, ఆలయ ద్వారం దాటి తిరిగి చూడకుండా పోతుంటే, ఆ అపనిందను మౌనంగా మోస్తున్నావు గదా, మానధనురాలా!

ఎక్కడున్నావు తల్లీ, విధేయతా, ఏ ఏకాంతంలో ఏడుస్తున్నావు?

రమ్మని పాడుతాం, రాగాలు తీస్తాం, కన్నీరు కారుస్తాం. పేరుపెట్టి పిలవడానికి మాత్రం గొంతు పెగలదు. నీవు గడప తొక్కితే, గట్టు దాటి జరిపిన ఏ హద్దురాయి వెనక్కి జరగాలో, అన్నదమ్ముల మీద వేసిన ఏ వ్యాజ్యం వాపసు కావాలో, ప్రార్థన చేసి మరీ పుచ్చుకున్న ఏ కట్నం ఏ కోడలి పుట్టింటికి తిరిగి నడవాలో మాకు తెలుసు గనుక, తల్లీ, తెలుసు గనుక!