కదలని నీడ, కదిలే సింగిడి: జనరంజక భౌతికశాస్త్ర ప్రసంగాల్లో విస్మయం, వివరణ

ప్రవేశిక

తెలుగులో విజ్ఞాన రచనకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి శాస్త్రగ్రంథాలను తెలుగు పాఠకుల ముందుకు తెచ్చింది. తరవాతి తరాల్లో నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’, మహీధర నళినీమోహన్ ‘పిడుగుదేవర కథ’ వంటి రచనలు శాస్త్రాన్ని చదివించే గుణంతో చెప్పాయి. నేడు ఈ పనిలో పెద్ద భాగాన్ని వీడియోలు, బహిరంగ ప్రసంగాలు చేస్తున్నాయి. జనరంజక విజ్ఞానంపై విమర్శ తరచు పరిభాష ఎంపిక వైపే మొగ్గింది. వివరణ ఏ క్రమంలో సాగుతుంది, శ్రోతను ఎక్కడ నిలబెడుతుంది అన్న ప్రశ్నలు కూడా సాహిత్య విమర్శకు చెందినవే. పూర్వపు నల్లగొండ జిల్లాకు చెందిన రెండు కాంతి దృశ్యాలు ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నలను పరిశీలిస్తుంది. ఒకటి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలోని నీడ. రెండవది పెద్దవూర దాటి నాగార్జునసాగరం చేరిన సందర్శకులకు గేట్లు ఎత్తినప్పుడు తుంపరలో కనిపించే ఇంద్రధనుస్సు.

నీడ: పేరు పెట్టడం, వివరించడం

నల్లగొండ పట్టణాన్ని ఆనుకొని ఉన్న పానగల్లు కందూరు చోడుల రాజధాని. వారి కాలానిదిగా చెప్పే ఛాయా సోమేశ్వరాలయం త్రికూటం. ఒక గర్భాలయంలో స్తంభపు నీడ వంటి ఛాయ పగలంతా దాదాపు ఒకేచోట నిలిచి ఉంటుంది. అది ఏ స్తంభానిదో చూపుకు వెంటనే అందదు. గుడి పేరులోకే ఎక్కిన ఈ వింత వీడియోలకు ఇష్టమైన వస్తువు.

ఈ వస్తువుపై వచ్చే కథనాల్లో స్థూలంగా రెండు నమూనాలు కనిపిస్తాయి. మొదటిది మహిమా కథనం: నీడను చూపి, ఇది ఎవరికీ అంతుపట్టని రహస్యమని ముగిస్తుంది. రెండవది శాస్త్రీయమని చెప్పుకొనే కథనం: నీడను చూపి, దీనికి కారణం కాంతి ‘వివర్తనం’ అని ముగిస్తుంది. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెంటి నిర్మాణం ఒక్కటే. దృశ్యం, ఆశ్చర్యం, ఒక పెద్ద మాట, ముగింపు. శ్రోత చేయవలసిన పని రెండింటిలోనూ లేదు.

పైగా రెండవ కథనంలోని మాట భౌతికశాస్త్రరీత్యా నిలవదు. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. మందమైన రాతి స్తంభం అంచున వివర్తనం జరిగినా అది అతిస్వల్పం. విశాలమైన ఆకాశపు వెలుతురులో దాన్ని గుర్తించలేం. సరైన వివరణకు దారి నీడ కదలకపోవడంలోనే ఉంది. సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీల చొప్పున జరిగినట్లు కనిపిస్తాడు. నీడ నేరుగా పడే ఎండ వల్ల ఏర్పడితే సూర్యుడితోపాటు అదీ జరగాలి. అది జరగడం లేదంటే, లోపలికి వచ్చే వెలుతురు ఆకాశంలో, ప్రాంగణంలో చెదిరి, స్తంభాల నడుమ ఉన్న స్థిరమైన సందుల గుండా వస్తున్నదన్నమాట. కాంతి వచ్చే సందులు కదలవు కాబట్టి, వాటి వెలుగు తక్కువగా అందే చోటూ కదలదు. దీనికి ప్రచ్ఛాయ, ఉపచ్ఛాయల పాఠం చాలు.

‘వివర్తనం’ అన్న మాటకు తెలుగు శ్రోత చెవిలో మరో ధ్వని కూడా ఉంది. అద్వైతంలో వివర్తం అంటే తాడు పాముగా తోచినట్లు ఒకటి మరొకటిగా భాసించడం. కారణం చెప్పకుండా ఈ మాటను ప్రయోగిస్తే, గంభీరమైన ఆ ధ్వనే వివరణ స్థానాన్ని ఆక్రమిస్తుంది. మహిమను నమ్మిన శ్రోత ఇప్పుడు పరిభాషను నమ్ముతాడు. నమ్మకం చేతులు మారుతుంది, వివేచన మాత్రం కలగదు.

ఇదే కథనాలు మరొక అడుగు వేసి, ఆనాటి శిల్పులకు ఆధునిక కాంతిశాస్త్రం తెలుసునని తీర్పు చెబుతాయి. నీడ ఉన్నదన్న వాస్తవం ఒక్కటే శిల్పి ఉద్దేశాన్ని నిరూపించదు. రాతి కట్టడంలో వెలుతురు నడక తెలిసిన అనుభవజ్ఞానం శిల్పికి ఉండవచ్చు. దాన్ని నేటి సిద్ధాంతాల పేరుతో పిలవడం ఆ అనుభవాన్ని గౌరవించడం కాదు, చెరిపివేయడం.

సింగిడి: చూసేవాడి స్థానం

నాగార్జునసాగర్ ఆనకట్టకు 26 క్రెస్ట్ గేట్లు ఉన్నాయి. అవి తెరిచినప్పుడు లేచే తుంపరలో, సూర్యుడు వీపు వెనుక ఉన్న సందర్శకుడికి ఇంద్రధనుస్సు కనిపిస్తుంది. తెలంగాణ పలుకుబడిలో ఇది సింగిడి. సూర్యుడికి సరిగ్గా ఎదుటి దిశ నుంచి సుమారు 42 డిగ్రీల కోణంలో ఉన్న బిందువులే ఎర్రని అంచును చూపుతాయి. పక్కపక్కన నిలిచిన ఇద్దరి కళ్లకు రంగులు పంపే బిందువులు వేరు. కనుక ఎవరి సింగిడి వారిదే. నడిచేవాడితో అదీ నడుస్తుంది.

సందర్శకులు తీసే వీడియోల్లో ఈ దృశ్యం అందంగానే వస్తుంది, కానీ కెమెరా చూసిన సింగిడి కెమెరాకు మాత్రమే చెందినదన్న సంగతి వ్యాఖ్యానంలో రావడం అరుదు. ‘ఒకసారి పక్కకు జరిగి చూడండి, విల్లు మీ వెంట వస్తుందా?’ అని ప్రసంగకర్త అడిగితే చాలు, దృశ్యం ప్రయోగమవుతుంది. ఇక్కడ ‘సింగిడి’ అనే మాటకు ప్రత్యేక ప్రయోజనం ఉంది. ఇంటి మాటతో మొదలైన ప్రశ్నకు శ్రోత ఇంటి అనుభవంతోనే జవాబు వెతుకుతాడు. వక్రీభవనం, పరావర్తనం అన్న మాటలు ఆ తరవాత, తేలిన విషయానికి పేర్లుగా రావాలి.

విస్మయం స్థాయి కావాలంటే

భరతుడు అద్భుతరసానికి విస్మయాన్ని స్థాయిభావంగా చెప్పాడు. స్థాయి అంటే నిలిచేది. పేరు చెప్పగానే ఆరిపోయే ఆశ్చర్యం ఆ స్థితిని చేరదు. మంచి శాస్త్ర ప్రసంగంలో కారణం తెలిసిన తరవాత విస్మయం పెరుగుతుంది: నీడ కదలకపోవడం కంటే, కదలని నీడ నుంచి వెలుతురు దారిని ఊహించగలగడం గొప్ప వింత.

ఈ దృష్టితో జనరంజక ప్రసంగాన్ని విలువ కట్టడానికి మూడు ప్రమాణాలను ప్రతిపాదించవచ్చు. మొదటిది, పరిశీలనను శ్రోత తానే తిరిగి చేయగలిగేలా చెప్పడం. రెండవది, వివరణ తప్పయితే అది ఎక్కడ బయటపడుతుందో చూపడం. ఒక సందును గుడ్డతో మూస్తే నీడ మారుతుందా అన్న ప్రశ్న అటువంటిది. మూడవది, పరిభాషను అనుభవం తరవాత ఉంచడం. ఉదయం నుంచి సాయంత్రం వరకు ఒకేచోట నిలిపిన కెమెరా నీడ నిలకడను కొన్ని క్షణాల్లో చూపగలదు. అచ్చుపుస్తకానికి లేని ఈ శక్తిని వీడియో నేపథ్య సంగీతానికీ తెగిన దృశ్యాలకూ ఒదులుకోవడం మాధ్యమ పరంగా కూడా లోపమే.

ముగింపు

నళినీమోహన్ పుస్తకం పేరులో దేవర ఉన్నాడు, కథా ఉంది. జన విశ్వాసాన్ని వెక్కిరించకుండా, దాని ముందు మొక్కకుండా ప్రశ్నను మొదలుపెట్టే మార్గం తెలుగులో ఉన్నదని ఆ శీర్షికే సూచిస్తుంది. వీడియోలు, ప్రసంగాలు ఆ మార్గానికి వారసులు కాదలిస్తే పానగల్లు నీడ దగ్గరే పరీక్ష ఎదురవుతుంది. గుడి నుంచి బయటికి వచ్చిన శ్రోత ఒక కొత్త మాటను మోసుకువస్తున్నాడా, వెలుతురు ఎటు నుంచి వస్తున్నదని తిరిగి చూస్తున్నాడా అన్నదే ఆ పరీక్ష.