‘జై’ ఎక్కడ పెట్టాలి?

డబ్బింగ్‌కు మాటలు రాసేవాడి కళ్లు ముందు నటుడి పెదాల మీదికే పోతాయి. ప, బ, మ అన్నప్పుడు పెదాలు మూతపడతాయి. తెర మీద అవి మూతపడిన చోట మన తెలుగు మాటలోనూ ఆ అక్షరాల్లో ఒకటి పడాలి. దూరం షాటయితే చెల్లిపోతుంది. క్లోజప్‌లో తప్పితే ఎంత మంచి మాటయినా అతికించినట్టే ఉంటుంది. 1950లో హిందీ నుంచి తెలుగులోకి వచ్చిన ‘ఆహుతి’కి మాటలూ పాటలూ శ్రీశ్రీ రాశారు. అప్పటి నుంచి ఈ పని చేసినవాళ్లందరూ పెదాలకు కట్టుబడి బతికినవాళ్లే. నేనూ ఇరవై ఏళ్లుగా అంతే.

ఆదివారం పూట నాంపల్లిలో మా ఇంటి ముందు గదిలో నలుగురు పిల్లలు కూర్చుంటారు, ఈ పని నేర్చుకోవడానికి. ఏదో ఒక సినిమాలో పది నిమిషాల ముక్క తీసుకుంటాం. చూస్తాం. సౌండు తీసేసి మళ్లీ చూస్తాం. తర్వాత ఎవరి కాగితం మీద వాళ్లు రాస్తారు. ఎక్కడా విడుదలయ్యేది కాదు, చేయి తిరగడానికి చేసే సాధన. కిందటి ఆదివారం మేం పట్టుకున్నది ‘వాల్‌కిరీ’. బ్రయాన్ సింగర్ తీశాడు, 2008లో వచ్చింది, టామ్ క్రూజ్ కథానాయకుడు. హిట్లర్‌ను చంపాలని అతని సైన్యంలోని అధికారులే పన్నిన కుట్ర కథ.

చరిత్ర సినిమాకు ముగింపు దాచుకునే వీలుండదు. 1974లో కృష్ణ నటించిన ‘అల్లూరి సీతారామరాజు’కు వెళ్లిన జనానికి చివరికి ఏమవుతుందో తెలుసు, అయినా వెళ్లారు. ఇక్కడా అంతే. 1944 జులై 20న హిట్లర్ చావలేదని బడిపిల్లలకు కూడా తెలుసు. మరి కుర్చీలో కూర్చోబెట్టేది ఏమిటి? నా మటుకు నాకు, చేతులు. కర్నల్ స్టౌఫెన్‌బర్గ్‌కు 1943లో ట్యునీషియా యుద్ధంలో ఎడమ కన్ను పోయింది, కుడి చెయ్యి మణికట్టు దగ్గర పోయింది, ఎడమ చేతికి మూడు వేళ్లే మిగిలాయి. బాంబును పని చేయించాలంటే ఒక సన్నటి గొట్టాన్ని ప్లయర్‌తో నొక్కాలి. లోపలి గాజు గుళిక చిట్లి, అందులోని యాసిడ్ తీగను తినుకుంటూ పోతుంది. తీగ తెగితే పేలుడు. ఆ మూడు వేళ్లకు అందేట్టు ప్లయర్ పిడిని వంచి ఇచ్చారు. అంత చేసీ, పని సగంలో ఉండగా తలుపు కొట్టారు. సంచిలోకి రెండు పొట్లాల్లో ఒక్కటే వెళ్లింది. ఆ సంచిని బల్ల కింద పెట్టి అతను బయటికి వచ్చాక, కాలికి అడ్డంగా ఉందని మరొక అధికారి దాన్ని బల్ల మందపాటి కోడుకు అవతలికి జరిపాడు. నలుగురు చనిపోయారు, హిట్లర్ బతికాడు. మూడు వేళ్లూ ఒక బల్ల కోడూ చరిత్రను ఎలా తిప్పాయో సినిమా దగ్గరగా చూపించింది. అది మంచి పనితనం.

అయితే స్టౌఫెన్‌బర్గ్‌ను మరీ కడిగి చూపించారన్నది కూడా చెప్పాలి. 1939లో పోలండ్ మీదికి వెళ్లిన సైన్యంలో ఇతనూ ఉన్నాడు. అక్కడి నుంచి ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఆ ప్రజల మీద చులకన ఉంది. తర్వాత మారాడు. మారడానికి పట్టిన కాలం సినిమాలో లేదు. గొంతు రాసేవాడికి ఆ కాలం తెలిసి ఉండాలి, లేకపోతే మొదటి మాట నుంచే వీరుడి గొంతు పెట్టేస్తాడు.

సినిమా మొదలవడం జర్మన్‌లో మొదలవుతుంది. అతను డైరీ రాసుకుంటూ ఉంటే వినిపించే గొంతు మెల్లగా ఇంగ్లీషులోకి జారిపోతుంది. మా పిల్లలకు ఇది బాగా నచ్చింది. జర్మన్‌ను అలాగే ఉంచి తెలుగులోకి జారుద్దామన్నారు. అక్కడి దాకా సాఫీగానే సాగింది.

తర్వాత వచ్చింది ఫ్రోమ్ గది సీను. పై అధికారి ఫ్రోమ్ ‘హైల్ హిట్లర్’ చెప్పించుకోవాలని చూస్తాడు. స్టౌఫెన్‌బర్గ్ చెయ్యి లేని చేతిని, చొక్కా మడతతో సహా, నిటారుగా పైకెత్తి గట్టిగా అరుస్తాడు. సెల్యూట్ చేయాల్సిన అరచెయ్యి అక్కడ లేదు. ఆ చేతిని ఎవరి యుద్ధంలో పోగొట్టుకున్నాడో ఎదుటివాడికి తెలుసు. మాట మర్యాదగానే ఉంది, చేతిలో తిరుగుబాటు ఉంది.

కరీంనగర్ నుంచి వచ్చిన కుర్రాడు ముందుగా రాసేశాడు: ‘జై హిట్లర్’.

“గట్లనే పెట్టుండ్రి సార్, లిప్పు మంచిగ కూసుంటది,” అన్నాడు.

కూర్చుంటుంది, అబద్ధం కాదు. ‘హైల్’కీ ‘జై’కీ నోరు ఒకేలా తెరుచుకుంటుంది. పెదాలు కలిసే అక్షరం రెండింట్లోనూ లేదు. ‘హిట్లర్ వర్ధిల్లాలి’ అంటే నటుడి నోరు మూసుకున్నాక కూడా మన మాట నడుస్తూనే ఉంటుంది. లెక్క ప్రకారం కుర్రాడిదే సరైన మాట. నాకు మాత్రం చెయ్యి రాలేదు.

“ఆగు, వచ్చే వారం చెప్తా,” అన్నాను. ఎందుకు ఆగానో ఆ నిమిషంలో వాడికి చెప్పలేకపోయాను. పిల్లలు వెళ్లాక చెప్పులేసుకుని ఆబిడ్స్ వైపు నడిచాను.

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఈ పేట పేరు ఆల్బర్ట్ ఆబిద్ అనే వ్యాపారిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసి, ఇక్కడ దుకాణం పెట్టాడు. నాకు కావలసిన ఆబిద్ వేరే. ఆయన ఇల్లు ఇక్కడికి కూతవేటు దూరంలో, ట్రూప్ బజార్‌లో, ఆబిద్ మంజిల్. ఇప్పుడు ట్రూప్ బజార్ అంటే లైట్లు, స్విచ్చులు, కుళాయిలు. ఒకప్పుడు ఆ ఇంటి దగ్గర విదేశీ బట్టలు కుప్పపోసి తగలబెట్టారు. ఆ ఇంటి తల్లి ఫక్రుల్ హాజియా గాంధీ మాట మీద నడిచిన మనిషి. ఆమె కొడుకు జైనుల్ ఆబిదీన్ హసన్, 1911లో పుట్టాడు, ఇంజినీరింగ్ చదవడానికి జర్మనీ వెళ్లాడు. అక్కడ సుభాష్ చంద్ర బోస్ కంటపడ్డాడు. చదువు పక్కన పెట్టి ఆయనకు కార్యదర్శి అయ్యాడు, దుబాసీ అయ్యాడు.

1941 ఏప్రిల్‌లో బోస్ బెర్లిన్ చేరాడు. అదే ఏడాది నవంబరులో అక్కడ ఫ్రీ ఇండియా సెంటర్ తెరుచుకుంది. ఉత్తర ఆఫ్రికాలో జర్మన్లకు చిక్కిన బ్రిటిష్ ఇండియా సిపాయిలను కూడగట్టి ఒక దళం కట్టారు. శిబిరాల్లో తిరిగి వాళ్లతో మాట్లాడే పని ఆబిద్ హసన్‌ది. అక్కడొక చిక్కు వచ్చింది. సిక్కు సిపాయి సత్ శ్రీ అకాల్ అంటాడు, ముస్లిం సలాం అంటాడు, హిందువు రామ్ రామ్ అంటాడు. అందరికీ ఒకే పలకరింపు కావాలి, అందులో మతం వాసన ఉండకూడదు. వెతికిపెట్టమని బోస్ ఆబిద్‌కు చెప్పాడు. మన నగర చరిత్ర రాసిన నరేంద్ర లూథర్ చెప్పిన కథనం ప్రకారం, ఆబిద్ ముందు ‘హలో’ అని చివాట్లు తిన్నాడు. తర్వాత శిబిరంలో ఇద్దరు రాజపుత్ సిపాయిలు ‘జై రామ్‌జీ కీ’ అనుకోవడం విన్నాడు. దాన్ని ‘జై హిందుస్తాన్ కీ’ చేశాడు. అది నోటికి పొడుగైంది. కోశాడు. ‘జై హింద్’ మిగిలింది.

ఈ కోయడం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. మా పని కూడా ఇదే కదా. కవాతు చేసే మనిషి ఒక్క ఊపిరిలో అనగలగాలి, చెయ్యి పైకి లేచి కిందికి దిగేలోపు మాట అయిపోవాలి. రెండు దెబ్బలు, అంతే. ఆ మాట పుట్టిన దేశంలో ప్రతి ఆఫీసులో, ప్రతి బడిలో వినపడుతున్న పలకరింపు ‘హైల్ హిట్లర్’. సర్కారు ఉద్యోగులకు 1933 నుంచే దాన్ని తప్పనిసరి చేశారు. చుట్టూ ఆ మాట మోగుతుండగా మన ట్రూప్ బజార్ అబ్బాయి వెతికి తెచ్చిన మాటలో ఏ మనిషి పేరూ లేదు. తన నాయకుడి పేరు కూడా లేదు.

బోస్ వ్యవహారం చూడటానికి జర్మన్ విదేశాంగ శాఖలో ఇండియా కోసం ఒక ప్రత్యేక విభాగం ఉండేది. దాని అధిపతి ఆడమ్ ఫాన్ ట్రాట్. ఆక్స్‌ఫర్డ్‌లో రోడ్స్ స్కాలర్‌గా చదువుకున్నవాడు. పగలు ఈ ఉద్యోగం చేస్తూ, ఇంకోవైపు హిట్లర్‌ను దించేవాళ్లతో చేతులు కలిపాడు, స్టౌఫెన్‌బర్గ్‌కు స్నేహితుడు. బాంబు గురి తప్పాక కొద్ది రోజులకే పట్టుకున్నారు. 1944 ఆగస్టు 26న బెర్లిన్‌లోని ప్లోట్‌జెన్‌జీ జైలులో ఉరి తీశారు. అప్పటికి ఆయన వయసు 35. ఆ కుట్ర పేరుతో ప్రాణాలు పోగొట్టుకున్న రమారమి 200 మందిలో ఆయన ఒకడు. ‘వాల్‌కిరీ’ యూనిఫాం తొడుక్కున్నవాళ్ల వెంట నడిచిన సినిమా. మన హైదరాబాదు నుంచి ఆ కథలోకి తలుపు ఉన్నది మాత్రం ఈ గుమాస్తా గదిలోంచే.

మనవాళ్లనూ కడిగి చూపించకూడదు. ఆ దళంలో చేరిన సిపాయిలు చేసిన ప్రమాణంలో బోస్ పేరుతో పాటు హిట్లర్ పేరూ ఉంది. శత్రువుకు శత్రువు మిత్రుడన్న లెక్కలో మనవాళ్లు ఎవరి గుమ్మం తొక్కారో, ఆ గుమ్మం వెనక యూదులకు ఏం జరుగుతోందో, రెండూ ఒక్క చూపులో పెట్టుకుని చూడాలి. ఆ చూపు కష్టంగా ఉంటుంది. ఉండాలి కూడా.

ఫుట్‌పాత్ మీద నిలబడి ఇదంతా తలపోస్తుంటే ఇంకో చిక్కు తగిలింది. మనిషి పేరుకు ‘జై’ పెట్టకూడదంటే, మహాత్మా గాంధీకి జై అని ఊరూరా అన్నాం కదా? హీరోలకు ఇప్పటికీ అంటున్నాం కదా? కాబట్టి తేడా పేరులో లేదు. గాంధీకి జై అన్నవాడు లాఠీ దెబ్బ తింటానని తెలిసి అన్నాడు. ‘హైల్’ అననివాడు దెబ్బ తినేవాడు. ఒకటి నోటి నుంచి వచ్చింది, ఇంకొకటి నోట్లో పెట్టింది. జర్మన్ సైన్యంలో అప్పటిదాకా పాత పద్ధతి సెల్యూట్ నడిచేది. బాంబు పేలిన నాలుగో రోజున, 1944 జులై 24న, సైనికులందరూ చెయ్యి చాచే హిట్లర్ సెల్యూటే చేయాలని హుకుం వచ్చింది. భయపడ్డవాడు ముందు చేసిన పని పలకరింపు మార్చడం.

అందుకని ఈ ఆదివారం పిల్లలకు నా తీర్పు చెప్పాను. ‘హైల్’ను ‘హైల్’ గానే ఉంచుతాం. దానికి తెలుగు వెతకం. లిప్పు కుదిరినా ‘జై’ ఇవ్వం.

“మరి ఎక్కడ పెడ్తం సార్?” అన్నాడు కరీంనగర్ కుర్రాడు.

చివరి సీను నడిపించాను. జులై 20 అర్ధరాత్రి దాటాక బెర్లిన్‌లో బెండ్లర్‌బ్లాక్ పెరడు. బండి దీపాల వెలుగులో నిలబెట్టి కాలుస్తున్నారు. స్టౌఫెన్‌బర్గ్ ఆఖరి కేక జర్మనీ కోసం. ‘పవిత్ర’ జర్మనీ అన్నాడని కొందరు, ‘రహస్య’ జర్మనీ అన్నాడని కొందరు. విన్నవాళ్లకే తేడా వచ్చింది. మేం ‘పవిత్ర’ తీసుకున్నాం. ఆ కేకకు ముందు మా దగ్గరున్న ఒక్క ‘జై’నీ పెట్టాం. తుపాకులకు ఎదురుగా నిలబడి అతను తనంతట తాను అన్న మాట అది. కుర్రాడు కాగితం మీద పాత మాట కొట్టేసి కొత్తది రాసుకున్నాడు.

ఆబిద్ హసన్ 1943 ఫిబ్రవరి 9న కీల్ రేవులో బోస్‌తో కలిసి యూ-180 జలాంతర్గామి ఎక్కాడు. బోస్ వెంట వెళ్లిన ఒకే ఒక్క భారతీయుడు. ఏప్రిల్ చివర, మడగాస్కర్‌కు చేరువలో, పోటెత్తిన సముద్రం మీద రబ్బరు తెప్పలో ఇద్దరూ జపాన్ జలాంతర్గామికి మారారు. ఆ తర్వాత ఇంఫాల్ పోరు, జైలు, విదేశాంగ సర్వీసు. జెండాలో కాషాయం గురించి మతాల మధ్య మాట తేడా వచ్చినప్పుడు, ఆ రంగునే తన పేరులో కలుపుకుని సఫ్రానీ అయ్యాడు. 1947 నవంబరు 21న స్వతంత్ర భారతం తొలి తపాలా బిళ్ల వేసింది. జెండా బొమ్మ, దాని మీద ‘జై హింద్’. ఆ రోజుకు ఆ మాట కూర్చినవాడి ఊరు ఇంకా భారతదేశంలో కలవలేదు. మన తపాలాకు నిజాం బిళ్లలే నడిచేవి.

ఇదే ఆబిడ్స్ పక్కన నిజాం కాలేజీలో చదువుకున్న శ్యామ్ బెనెగల్ 2005లో బోస్ మీద హిందీలో సినిమా తీశారు. జలాంతర్గామి లోపలి ఇరుకును, ఉక్కను నమ్మించేట్టు చూపగలమని 2017లో ‘ఘాజీ’తో సంకల్ప్ రెడ్డి నిరూపించారు. తెలుగులో కథలు రాసుకుంటున్న పిల్లలకు నా విన్నపం ఒక్కటే. ఆబిద్ హసన్ కథ రాయండి. ట్రాట్ గదిని వదిలిపెట్టకండి, ప్రమాణంలోని ఆ పేరునూ వదిలిపెట్టకండి. పెదాలు కలపాల్సిన పని కూడా ఉండదు, ఆ మనిషి మన ఊరివాడు.