బదులు వేషము

నాటక ప్రదర్శనములను గూర్చి వ్రాయు విమర్శకులకు (నేనును వారిలో నొకడనే) ఒక దురభ్యాసము గలదు. రంగమున కనబడినవారిని గూర్చియే వ్రాయుదుము. ఒక పాత్రను ఆసాంతము నేర్చి, ప్రతిరాత్రియు సిద్ధముగా నుండి, పిలుపు రాకయే యిల్లు చేరు నటుని సంగతి మన వ్రాతలలో నొక్క పంక్తియైన నెక్కదు. ఇంగ్లీషువారు వానిని అండర్‌స్టడీ యందురు. నాకు తెలిసినంతలో మన భాషలో దీనికి స్థిరపడిన మాట లేదు. బదులు వేషగాడని వాడుకొనుచున్నాను. మాట లేకుండుటయే మన యుపేక్షకు సాక్ష్యమేమో!

ఈ పని సులభమైనది కాదు. ప్రధాన నటుని మాటలు మాత్రమే కాక, అతడు నిలుచు చోటు, కదలు దారి, మాటకు మాటకు నడుమ నాగు విరామము సైతము నేర్వవలెను. స్వంత కల్పనకు తావు తక్కువ. ఏలయన నెదుటి నటులు పాత యలవాటుననే యుందురు. పాశ్చాత్య నాటకశాలలలో స్వింగు అను మరియొక తెగవారు పెక్కు పాత్రల నొక్కరే మోయుదురు. 2021 డిసెంబరులో న్యూయార్కున ‘ది మ్యూజిక్ మ్యాన్’ నాటకమునకు నాయిక సటన్ ఫాస్టర్ కోవిడ్ వలన రాలేకపోగా, కాథీ వోయ్ట్‌కో యను స్వింగు పగటివేళ కబురందుకొని ఆ రాత్రియే నాయికగా నిలిచినది. ఆమె నేర్చియున్న పాత్రలు ఎనిమిది. నాటకాంతమున నాయక పాత్రధారి హ్యూ జాక్‌మన్ ఆమెను సభవారికి చూపి ప్రశంసించెను.

మనవారి కథలలో ప్రసిద్ధమైనది స్థానము నరసింహారావుగారిది. 1902లో బాపట్లలో జన్మించిన యీయన, ఇరువది యేండ్లు నిండకముందే, హరిశ్చంద్ర నాటకమున చంద్రమతి వేషధారి రానందున ఆ వేషమును తాము ధరించి రంగమెక్కిరి. పిదప సత్యభామగా, రోషనారగా, మధురవాణిగా ఆంధ్రదేశమునంతను మెప్పించిరి. 1956లో పద్మశ్రీ నందిరి. ఈ కథ చెప్పువారందరు అదృష్టమందురు. నాకా మాట రుచింపదు. వేషధారి రాకపోవుట యదృష్టమే కావచ్చును. పద్యములు రానివాడు చీర కట్టినంత మాత్రమున చంద్రమతి యగునా? 1943 నవంబరు 14న బ్రూనో వాల్టరు జబ్బుపడగా, 25 ఏండ్ల లియొనార్డు బెర్న్‌స్టీను ఒక్క అభ్యాసమైనను లేకయే కార్నెగీ హాలులో వాద్యబృందమును నడిపి మరునాటి పత్రికల కెక్కెను. అచ్చటను అదృష్టమనిరి. సహాయ నిర్వాహకుడుగా ఆ స్వరపత్రములను ముందే పఠించియుండుట యతని యుద్యోగధర్మమని యెవ్వరును తలంపరు.

1885లో కడప మండలమున కీచకవధతో నారంభమైన సురభి సమాజమునందు ఈ చిక్కు తక్కువ. అచ్చటి పిల్లలు తెరవెనుకనే పెరిగి, పెద్దల పాత్రలను వినివినియే నేర్తురు. కుటుంబమే బదులు.

కుటుంబమనగానే నా మనస్సు మీమాంసకు పోవుచున్నది. జైమిని సూత్రముల షష్ఠాధ్యాయ తృతీయపాదమున ప్రతినిధి విచారము గలదు. వ్రీహులు దొరకనిచో నీవారములు, సోమము దొరకనిచో పూతికలు చెల్లును. దేవతకును, మంత్రమునకును, యజమానునకును ప్రతినిధి లేడు. అయితే పదునేడుగురికి తక్కువ కాని యజమానులు కూడి చేయు సత్రమున నొకడు మరణించినచో, సంఖ్య పూరించుటకై వేరొకని తెత్తురు. అతడు యజమానుని నియమములన్నియు పాటింపవలెను. కాని యజమానుడు కాడు, ఫలము వానికి రాదు. విద్యార్థి దశలో దీనిని చదివినప్పుడు చక్కని తర్కమని సంతోషించితిని. మా తండ్రిగారి మేనత్త అప్పుడు జ్ఞప్తికి రాలేదు.

ఆమె బాలవితంతువు. మా నాయనమ్మ గతించిన పిమ్మట అన్నగారి యైదుగురు బిడ్డలను పెంచినది. తెల్లవారుజామున లేచి పొయ్యి రాజేసినది, జ్వరములకు మేల్కొన్నది, చదువులకై తన గొలుసు నమ్మినది. పెద్దపిల్ల పెండ్లినాడు మాత్రము పీటలపై వేరొక దంపతులు కూర్చుండిరి. ఆమె వంటయింటి వెనుక గదిలోనుండి మేళము వినెనని మా తండ్రిగారు చెప్పెడివారు. ఆనాటి ఛాయాపటము మా యింట నున్నది. అందామె లేదు. యజ్ఞమున ఫలమెవరిదో శాస్త్రము నిర్ణయించుగాక. ఇంటిలో నట్టి నిర్ణయము చేసినవారము మనమే.

నాటకశాలకు తిరిగి వత్తును. ఇటీవల మా బాలురు ప్రదర్శించిన నాటకమునకు ముద్రించిన పత్రమున, బదులు వేషములు నేర్చిన యిద్దరి పేళ్లను గూడ వేయించితిని. “కట్టని వేషమునకు పేరేల, మాస్టారూ?” అని సహోపాధ్యాయు డొకరు నవ్విరి. ప్రదర్శనము నిర్విఘ్నముగా జరిగినది. ఆ యిద్దరికిని పిలుపు రాలేదు. మొదటివాడు అలుకతో ముందే వెడలిపోయెను; వానిని తప్పుపట్టజాలను. రెండవవాడు తెర దించిన పిదప కుర్చీలు సర్ది, నాయొద్దకు వచ్చి, ఆ పత్రము రెండు ప్రతులు కావలెనని యడిగెను. ఒకటి తనకనియు, మరియొకటి తన పాఠము రాత్రులు వినిపెట్టిన యక్కకనియు చెప్పెను.