'మాయాబజారు' - ప్రేక్షకుల తీర్పు
1957లో విడుదలైన 'మాయాబజారు' చిత్రమున అతిమానుషశక్తి యొక కుటుంబకలహమును తీర్చును. ఏలూరు చేరువనున్న నూజివీడులో జన్మించిన ఎస్.వి. రంగారావు ఇందు ఘటోత్కచుఁడు. ఆ మాయలు ప్రేక్షకులను రంజింపఁజేసిన మాట నిజమే. కాని వారి మెప్పునకు స్థిరమైన నిదర్శనము వ్యవహారమున నిలిచిన రెండు మాటలని మేము తలఁచెదము. అవి పింగళి నాగేంద్రరావు కల్పించిన 'అసమదీయులు, తసమదీయులు'.

మొదటిది 'అస్మదీయ'కు వికృతి. రెండవది దాని సామ్యమునఁ బుట్టినది. వ్యాకరణము దీని నంగీకరింపదు, లోకము స్వీకరించెను. ఏలయన, పాండవులు రాజ్యము కోల్పోఁగానే రేవతీబలరాములు మేనల్లుఁడైన అభిమన్యునకుఁ గన్యనీయ నిరాకరించిరి. తనవారే పరులైన యా యింటిగుట్టును రాక్షసుల తప్పుమాట బయటపెట్టినది. కావున ప్రేక్షకాభిప్రాయమును పరిశోధించువారు ప్రదర్శనదినముల లెక్కతోపాటు శబ్దప్రచారమునుగూడ గమనింపవలెను.