కాదన్న మాట ఔనైన వైనము

ప్రోగ్రాము నా లాప్‌టాప్‌లో నడచునప్పుడు ఒక డేటాబేసును, క్లౌడ్‌లో నడచునప్పుడు మరియొక డేటాబేసును ఆశ్రయింపవలెను. కోడ్ మాత్రము రెండు తావులను ఒక్కటియే. ఈ భేదమును కోడ్‌లోనికి చొరనీయక వెలుపలనే నిలుపునవి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్. 1979 నాటి ఏడవ యూనిక్స్‌తో వచ్చిన ఈ యేర్పాటు మిక్కిలి సరళమైనది: ఒక ప్రాసెస్ వేరొకదానిని పుట్టించునప్పుడు, పేర్లును వాటి విలువలును గల యొక పట్టికకు ప్రతి తీసి దాని చేతి కిచ్చును, పిల్ల తన ప్రతిని ఎంత దిద్దుకొన్నను తల్లికడ నున్న మూలము చెక్కుచెదరదు. తొలినాళ్ళలో స్క్రిప్టులో నేనమర్చిన విలువ, అది ముగిసిన పిదప టెర్మినల్‌లో కానరాకపోగా, బిడ్డ ఆర్జన తల్లికి చేరదని యెరుగక యంత్రమును నిందించితిని.

2011లో హెరోకు సంస్థకు చెందిన ఆడమ్ విగ్గిన్స్ వ్రాసిన ‘ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్’ సూత్రములలో మూడవది ఈ పద్ధతినే శాసించినది. ఇంటిపట్టున డాట్ ఎన్వ్ ఫైలు, క్లౌడ్‌లో కన్సోల్ పుటలోని గడులు: నా వ్యవహార మిట్లే సాగుచు వచ్చినది. రహస్యపు తాళపుచెవులు గల ఆ ఫైలును గిట్‌లో చేర్చరాదనియు, పొరపాటున చేర్చినచో తరువాత తుడిచినను పాత కమిట్లలో నిలిచియే యుండును గనుక తాళపుచెవినే మార్చవలెననియు అందరు నెరిగినదే. నన్ను బాధించినది రహస్యము కాదు, ఒక సామాన్యమైన తిరస్కారము.

పరీక్షాసర్వరు నుండి ఈమెయిళ్ళు వెడలకుండుటకై, వాటిని పంపవచ్చునా యని తెలుపు ఒక వేరియబుల్ నేర్పరచితిని. లాప్‌టాప్‌లో దాని విలువను ఖాళీగా విడిచితిని, ఉత్తరములు పోలేదు. క్లౌడ్‌లో మాత్రము, సందేహమునకు తావుండరాదన్న అతిజాగ్రత్తతో, ‘ఫాల్స్’ అని స్పష్టముగా వ్రాసితిని. అయితే ఎన్విరాన్‌మెంట్ పట్టికలో సంఖ్యలు లేవు, ఔను కాదులు లేవు. ఉన్నదంతయు అక్షరముల వరుసయే. నా ప్రోగ్రాము వ్రాసిన జావాస్క్రిప్ట్ దృష్టిలో ఖాళీ కాని అక్షరవరుస యేదైనను సత్యమే. ఇంట నా మౌనమును నిషేధముగా గ్రహించిన ప్రోగ్రామే, అచట నా నిషేధమును అనుమతిగా గ్రహించి, అసలైన వినియోగదారులకు రాత్రికి రాత్రి పరీక్షోత్తరములను పంపెను. మరునాటి యుదయమున క్షమాపణలు వ్రాయుచు కూర్చుంటిని. వాటిని పంపుటకు, హాస్యమేమనగా, ఆ వేరియబులే అక్కరకు వచ్చినది.

అది మొదలు, ప్రోగ్రాము కన్ను తెరచినతోడనే వేరియబుల్స్ నన్నిటిని వరుసగా పరీక్షించి, ఏదైన లోపించినను, విలువ తప్పినను దాని పేరు చెప్పి ఆగిపోవునట్లు వ్రాయుచున్నాను: లేనిదానికి లోకల్‌హోస్ట్ వంటి డిఫాల్టును దయచేయుట నా దృష్టిలో ఔదార్యము కాదు, అపచారము. పేర్లు మాత్రమే గల నమూనా ఫైలొకటి గిట్‌లో నుండును. క్రొత్తగా చేరినవారికి అదియే పాఠము.

మొన్న డిప్లాయ్ చేయగా ప్రోగ్రాము లేవనని మొరాయించి, అదే ఈమెయిల్ వేరియబుల్ పేరును లాగ్‌లో చూపినది. కన్సోల్‌లో ‘ఫాల్స్’ చక్కగనే కనబడుచుండెను. పావుగంట తేఱిపార చూచిన పిదప గుర్తించితిని: కాపీ చేసి అంటించునప్పుడు దాని వెనుక ఒక ఖాళీజాగ కూడ వచ్చి కూర్చుండినది.