ఎర్రరాయి పనితనం

ఖరగ్‌పూర్ నుంచి కేశియారి వైపు వెళ్తే గగనేశ్వర్‌లో కురుంబేరా కోట ఉంది. ఒడిశా రాజు కపిలేంద్ర గజపతి కాలంలో, 15వ శతాబ్దంలో కట్టింది. ఆమేర్ కోటలో రాజపుత్రుల శిల్పులు పాలరాతిని జల్లెడలా తొలిచారని అందరం మెచ్చుకుంటాం. మెచ్చుకోవలసిందే. ఇక్కడివాళ్లకు దొరికింది మాత్రం ఒళ్లంతా చిల్లులున్న ఎర్ర లాటరైట్, స్థానికులు మాకడా పాథర్ అనే రాయి. సన్నని నగిషీకి అది లొంగదు. పూవు చెక్కబోతే రేకు విరిగిపోతుంది. అందుకే ఈ రాతిపనివాడంటే నాకు మరింత గౌరవం. నేలలోంచి తీసినప్పుడు ఆ రాయి మెత్తగా ఉంటుంది, గాలి తగిలి ఆరేకొద్దీ అందులోని ఇనుము బిగుసుకుని గట్టిపడుతుంది. ఆ మెత్తదనం ఉండగానే దిమ్మెను కోసి, అంచులు సరిచేసి, మూలమట్టం చూసుకోవాలి. ఇక ప్రాంగణం చుట్టూ సాగే స్తంభాల వసారాలో నిలబడి తల పైకెత్తి చూడండి. కింది వరస కంటే పై వరసను కాస్త ముందుకు జరుపుతూ, రెండు వైపులా రాళ్లు దగ్గరయ్యేదాకా పేర్చారు. ముందుకొచ్చిన రాయి జారకుండా దాని వెనక భాగం మీద బరువు పడాలి. ఎక్కువ జరిపితే ఒరిగిపోతుంది, తక్కువ జరిపితే పైన కలవదు. ఎంత జరపాలో తేల్చేది అనుభవమున్న చేయే. ఈ మేదినీపూర్ ప్రాంతపు ఎండల్లో నేటికీ ఆ వసారా నీడన జనం కూర్చుంటున్నారు. పిల్లలతో వెళ్లినవాళ్లు ఫొటోలకు ముందు ఆ రాళ్ల అతుకుల మీద వేలు పెట్టి చూపించండి.