దసరాకు కాదు, ఉగాదికి రంగు

రామసముద్రం, పుంగనూరు, మదనపల్లె వైపు బండికి రంగు వేయించాలన్న ఆలోచన ఎక్కువగా దసరా ముందే పుడుతుంది. ఆయుధ పూజ నాటికి కారో ట్రాక్టరో కొత్తగా మెరవాలని ఎవరికైనా ఉంటుంది. కానీ ఈ మిట్ట ప్రాంతంలో వానలు జోరుగా పడేది కూడా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే. ఇంటి ముందు చెట్టు కిందో రేకుల షెడ్డులోనో గన్ను పట్టి రంగు కొట్టే పనికి అంతకంటే చెడ్డ కాలం లేదు. డబ్బా మీద ఏ కంపెనీ పేరుందన్నది తర్వాతి మాట. ఆ పూట బండి రేకు ఎంత చల్లగా ఉంది, గాలిలో ఎంత తేమ ఉంది అన్నవే పనిని నిలబెడతాయి, చెడగొడతాయి.

పెయింటర్లు డ్యూకో అని పిలిచే రంగు 1920లలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లక్కర్. అంతకుముందు కార్లకు వేసే వార్నిషు రంగులు ఆరడానికి రోజులు, వారాలు పట్టేవి. ఇది చూస్తుండగానే ఆరిపోతుంది, చిక్కంతా అక్కడే. థిన్నరు గబగబా ఆవిరవుతూ తడి పొరలోని వేడిని లాగేస్తుంది. 25 డిగ్రీల గాలిలో 80 శాతం తేమ ఉంటే, ఆ పొర 21 డిగ్రీలకు దిగితే చాలు, చల్లటి నీళ్ల చెంబుకు చెమ్మ పట్టినట్టు రంగు మీద నీరు చేరుతుంది. ఆరాక నల్ల డోరు మీద తెల్లటి మసక కనిపించేది అందుకే. రేకు ఆ చెమ్మ పట్టే స్థాయి కంటే కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలన్నది పెయింటు పనిలో అందరూ ఒప్పుకున్న లెక్క. థర్మామీటరు లేనివాళ్లకు తడిగుడ్డ ఉంది. రేకు మీద పల్చగా ఒక గీత తుడవాలి. పావుగంటలో ఆ తడి పూర్తిగా ఆరకపోతే ఆ పూట గన్ను ముట్టుకోకూడదు.

పుట్టీ విషయం ఇంకా మోసపూరితం. నీళ్లు పోస్తూ వాటర్ పేపరుతో రుద్దినప్పుడు అది తడి పీల్చుకుంటుంది. ముసురులో పైకి ఆరినట్టే కనిపించినా లోపల తడి ఉంటుంది. దాని మీద రంగు వేస్తే, తర్వాత ఎండలో పొక్కులు లేస్తాయి. నింద మాత్రం పెయింటరు మీద పడుతుంది.

నిదానంగా ఆరే థిన్నరు వాడితే సరిపోతుంది కదా అంటారు. కొంతవరకు నిజమే, మసక తగ్గుతుంది. అయితే రంగు ఎక్కువసేపు తడిగా ఉండి దుమ్మూ పురుగులూ అంటుకుంటాయి. పైగా అది చల్లటి తడి రేకును బాగుచేయదు. పెద్ద షోరూముల్లో వానలోనూ వేస్తున్నారుగా అనేది మరో మాట. అక్కడ వడకట్టిన గాలిని మూసిన గదిలోకి పంపి, రంగు వేశాక 60 డిగ్రీల దాకా వేడి చేస్తారు. వాతావరణాన్ని వాళ్లు డబ్బు పెట్టి తయారు చేసుకుంటున్నారు. ఇంటి దగ్గర పనిచేసేవారికి ఆ సౌకర్యం లేదు, రోజును ఎంచుకునే వీలు మాత్రం ఉంది. వాడకంలో ఉన్న పాత బండికి, గీరుకుపోయిన బంపరుకు ఆ వీలే చాలు.

అలాగని మండుటెండా పనికిరాదు. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఎండలో కాగిన రేకును చేత్తో తాకలేం. రంగు తుంపర అంటుకునేలోపే ఎండి గరుకుతేలుతుంది, లేదా పైపొర ముందే బిగిసి లోపలి థిన్నరు బుడగలై పైకి తంతుంది. ఆషాఢపు గాలుల్లో సగం రంగు పక్కింటి గోడకే పోతుంది. దుమ్ము అణగడానికి నేల తడపడం మంచి అలవాటే, కానీ ముందే తడిపి నీటి మడుగులు లేకుండా చూడాలి. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీటిని కూడా పని మొదలుపెట్టే ముందు వదిలేయాలి. హార్డెనర్ కలిపే రంగుల్లో చాలావాటిలో ఐసోసైనేట్ ఉంటుంది. అది ఆస్తమా తెచ్చిపెడుతుంది, ముఖానికి కట్టిన తువ్వాలు దాన్ని ఆపదు. బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు లేకపోతే ఆ రంగు జోలికి ఇంటి దగ్గర వెళ్లొద్దు.

ఈ ప్రాంతానికి ఫిబ్రవరి, మార్చి అనువైన నెలలు. మంచు విడిచి రేకు వెచ్చబడ్డాక, ఉదయం తొమ్మిది దాటాక నీడలో మొదలుపెట్టి, మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఆఖరి కోటు ముగించండి. సాయంత్రపు చలి దిగేలోపు పొర ఆరిపోతుంది. ఈసారి దసరాకు బండిని శుభ్రంగా కడిగి, పసుపు కుంకుమ పెట్టి పూజ చేసుకోండి. రంగు పని ఉగాది ముందు పెట్టుకోండి.